పుణ్యం మనకి, గిన్నెలు క్యాటరర్‌కి?

పోయిన వారం అన్నదానం గురించి పెట్టిన వీడియో చూసి ఒక తమ్ముడు ఒక ప్రశ్న పంపించాడు. "అన్నా, మా గేటెడ్ కమ్యూనిటీలో వినాయక చవితి అన్నదానం ప్రతి ఏడాదీ క్యాటరింగ్‌కే ఇచ్చేస్తాం. చందాలు మావి, వంట వాళ్ళది, వడ్డన కూడా వాళ్ళదే. మేము వెళ్ళి లైన్‌లో నిలబడి తినేసి వస్తాం. ఇందులో అన్నదానం చేసింది ఎవరు? పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది?"

చదవగానే నవ్వొచ్చింది. తర్వాత రెండు రోజులు అదే బుర్రలో తిరిగింది. పుణ్యం లెక్క దేవుడు చూసుకుంటాడు, దాని గురించి మనం పంచాయితీ పెట్టుకోనక్కర్లేదు. కానీ అదే ప్రశ్న తిరగేసి అడిగితే మాత్రం తప్పించుకోలేం. ఆ రోజు తిన్న ఐదొందల మందిలో అరవై మందికి రాత్రికల్లా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. అప్పుడు అన్నదానం చేసింది ఎవరు?

అలాంటప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏంటో అందరికీ తెలుసు. "క్యాటరర్ అండీ!" అంతా బాగుంటే మనం దాతలం, తేడా వస్తే కస్టమర్లం.

పెద్దవాళ్ళు ఒక మాట చెప్తుంటారు. ఒక పని చేసినవాడికి, చేయించినవాడికి, ప్రోత్సహించినవాడికి, సరేనని తల ఊపినవాడికి కూడా ఫలంలో సమాన వాటా ఉంటుందని. ప్రవచనాల్లో ఇది సాధారణంగా మనకి ధైర్యం చెప్పడానికి వస్తుంది: నువ్వు స్వయంగా గరిట పట్టుకోలేకపోయినా పర్లేదు నాయనా, ఓ వెయ్యి రూపాయలు ఇచ్చినా నీకూ పుణ్యమే అని. మంచిదే. కానీ ఆ మాటలో మంచికి మాత్రమే అని ఎక్కడా లేదు. వాటా అంటే రెండు వైపులా వాటాయే.

మా ఆఫీసు సంగతి చెప్తాను, నేను రాసేది ఎక్కువగా సాఫ్ట్‌వేరే కాబట్టి. మా ప్రాజెక్టులో ఒక ముక్క బయటి వెండర్ చేస్తాడు. అది అర్ధరాత్రి పడిపోతే క్లయింట్ ఫోన్ చేసేది వెండర్‌కి కాదు, మాకు. "అది మా కోడ్ కాదండీ" అంటే ఎవరూ వినరు. పని బయటికి ఇవ్వొచ్చు, జవాబు బయటికి ఇవ్వలేం అని ఉద్యోగంలో చేరిన మొదటి ఆర్నెల్లలోనే అర్థమైపోతుంది. అదే మనం అన్నదానం కమిటీలో కూర్చునేసరికి, ప్లేటుకి ఎంత, ఎన్ని రకాలు అని అడిగి అడ్వాన్స్ ఇచ్చి లేచి వచ్చేస్తాం.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం, ఎందుకంటే ఇక్కడ చట్టం మనం అనుకున్నదానికంటే ముందే ఆలోచించింది. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. అందులో ఆహార వ్యాపారం అంటే ఏంటో నిర్వచించేటప్పుడు లాభం కోసం చేసినా, లాభం లేకుండా చేసినా అది ఆహార వ్యాపారమే అని కలిపేశారు. "ఉచితంగా పెడుతున్నాం కదండీ, మాకెందుకు రూల్స్" అనే మాటకి అక్కడే తలుపు మూసేశారు. 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల్లో అయితే మతపరమైన, సామాజిక కార్యక్రమాల్లో ఆహారం పంచేవాళ్ళ ప్రస్తావన నేరుగా ఉంది. వాళ్ళని చిన్న ఉత్పత్తిదారుల కోవలో పెట్టి, క్యాటరర్‌ని మాత్రం ఆ కోవ నుంచి మినహాయించారు. అంటే పండక్కి పులిహోర పంచే మనల్నీ చూశారు, మన కోసం వండే ఆయన్నీ చూశారు. అదే చట్టంలో కల్తీ తిండి, ప్రమాదకరమైన తిండి వల్ల మనిషి చనిపోతే కనీసం 5 లక్షల రూపాయల పరిహారం అని రాసి ఉంది. ఐదు లక్షలకి ఒక ప్రాణం ఏంటి అని మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఆ అంకె రాసిన వాళ్ళకి ఒక విషయం తెలుసు: భోజనం వల్ల మనుషులు చనిపోతారు, వండినవాడికి చంపాలన్న ఉద్దేశం లేకపోయినా సరే.

ఇంక భక్తి వైపు నుంచి వచ్చే పెద్ద అభ్యంతరం ఒకటుంది. "భగవంతుడికి నివేదించింది ఎవరికీ హాని చేయదు." చాలా మంది నిజంగా నమ్మి అంటారు, వెటకారం చేయాల్సిన మాట కాదు. దీనికి సాక్ష్యంగా మీరాబాయిని చెప్తారు, ప్రహ్లాదుణ్ణి చెప్తారు. విషం ఇచ్చినా ఏమీ కాలేదు కదా అని. నేను ఈ కథల్ని ప్రేమించే మనిషినే. కాకపోతే ఆ కథల్లో నమ్మినవాళ్ళు తిన్నవాళ్ళు. మీరాబాయి ఆ గిన్నె తను తాగింది, వెనక్కి తిరిగి వరుసలో ఉన్న వాళ్ళకి పోయలేదు. ప్రహ్లాదుడు పక్క పిల్లాడికి పెట్టి "ఏం కాదులే, హరి ఉన్నాడు" అనలేదు. ఆ కథల్లో గిన్నె పట్టుకుని వచ్చిన వైపు ఎవరున్నారో గుర్తు చేసుకోండి. మనం క్యాటరింగ్ మాట్లాడుకుని వందల మందికి పెట్టించే రోజు మనం గిన్నె వైపు నిలబడి ఉంటాం. అటు నిలబడినవాడికి "దేవుడు చూసుకుంటాడు" అనే హక్కు లేదని నా అభిప్రాయం. అది వాడి విశ్వాసం కాదు, పక్కవాడి కడుపు మీద వాడు కాసే పందెం.

పొయ్యికీ విస్తరికీ మధ్య

మనకి అన్నదానం అనగానే గుర్తొచ్చే పేరు డొక్కా సీతమ్మ గారు. 1841 నుంచి 1909 దాకా ఉన్న మనిషి, గోదావరి లంకల్లో ఆకలితో వచ్చిన వాళ్ళకి వేళాపాళా లేకుండా పెట్టిన తల్లి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే. ఆవిడ గురించి చెప్పుకునే వాటిలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది ఆ ఇంటి తీరు. వచ్చినవాళ్ళు వచ్చినప్పుడే పొయ్యి వెలిగేది. పొయ్యి మీంచి దిగింది విస్తరిలోకి పోయేది. మధ్యలో నాలుగడుగుల దూరం.

మన అన్నదానంలో ఆ దూరం ఎంత? వంట ఊరి చివర క్యాటరర్ షెడ్డులో. అక్కడి నుంచి డీసీఎం వ్యాన్‌లో పాతిక కిలోమీటర్లు. పొద్దున ఎనిమిదింటికి దింపిన పప్పు పదకొండింటికి చేరుతుంది. పన్నెండున్నరకి భోజనాలు అన్నారు, కానీ హారతి అవ్వలేదు. హారతి అయింది, కానీ ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఉన్నారు. ఆయన వచ్చారు, కానీ లడ్డూ వేలంపాట మధ్యలో ఉంది. హైదరాబాద్‌లో వినాయక మండపం చూసిన ఎవరికైనా ఇది తెలుసు. రెండింటికి మూత తీస్తారు. ఆరు గంటలు. సీతమ్మ గారి నాలుగడుగులు మన దగ్గర ఆరు గంటలయ్యాయి. ఆ ఆరు గంటల్లో గుండిగలో ఏం జరుగుతుందో చూసే పని ఎవరిదీ కాదు.

ఏం జరుగుతుందో చెప్తాను, ఇది నాకు బాగా ఆసక్తి ఉన్న విషయం, కాస్త ఓపిక పట్టండి. క్లాస్ట్రిడియమ్ పెర్‌ఫ్రింజెన్స్ అని ఒక బ్యాక్టీరియా ఉంది. పెద్ద పెద్ద పాత్రల్లో వండి ఎక్కువసేపు నిలవ ఉంచే చోట్ల వచ్చే ఫుడ్ పాయిజనింగ్‌లకి ఇది పేరు మోసిన కారణం. పప్పు కుతకుత ఉడికినా ఇది పూర్తిగా చావదు, గట్టి పెంకులాంటి బీజాల రూపంలో దాక్కుంటుంది. ఉడికేటప్పుడు గాలి బయటికి పోతుంది, గాలి లేని చోటే దానికి ఇష్టం. పొయ్యి ఆపాక పైన మీగడ కట్టి చల్లారినట్టు కనిపిస్తుంది, పెద్ద గుండిగ కాబట్టి నడిమధ్య మాత్రం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఆ గోరువెచ్చదనమే దానికి పండగ. 45 డిగ్రీల చుట్టుపక్కల, అన్నీ కలిసొస్తే, పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. గంటలో ఒకటి 64 అవుతుంది. మూడు గంటల్లో 2,62,144. ఇంజనీరింగ్ చదివినవాడికి ఈ లెక్క చూస్తే వణుకు రావాలి.

అన్నంలో ఇంకోటి ఉంటుంది, బాసిల్లస్ సీరియస్. పేరు చూసి నవ్వకండి, అది నిజంగానే దాని పేరు. అన్నాన్ని గంటల తరబడి రాశిగా వదిలేస్తే అది విషం తయారుచేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. "ఇంకోసారి వేడి చేసేద్దాం" అనే మన సర్వరోగ నివారిణి అక్కడ పనిచేయదు.

అందుకే క్యాటరింగ్ నియమాల్లో కీలకం రెండు అంకెలు. వేడి పదార్థం వడ్డించేదాకా 60 డిగ్రీలకి పైనే ఉండాలి. చల్లటిది 5 డిగ్రీలకి మించకూడదు. ఈ రెంటి మధ్యలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే వండిన పదార్థాన్ని రెండు గంటలకి మించి బయట వదలొద్దంటుంది. అంతే, రాకెట్ సైన్స్ ఏమీ కాదు. హాట్ బాక్సులు, బర్నర్లు, రెండు విడతల వంట, ఓ థర్మామీటర్.

"మా తాతయ్య జీవితాంతం చద్దన్నం తిన్నాడు, ఏం కాలేదు" అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. చద్దన్నం నీళ్ళల్లో నానబెట్టి, మజ్జిగ కలిపి, పులియబెట్టి తినేది. ఒక కుండ, ఒక ఇల్లు, ఆ కుండ గుణం తెలిసిన ఒక అమ్మమ్మ. నాలుగొందల లీటర్ల సాంబారుకీ దానికీ పోలికే లేదు.

గీతలో పదిహేడో అధ్యాయంలో తామసులకి ఇష్టమైన ఆహారం గురించి చెప్పేటప్పుడు యాతయామం అనే మాట వస్తుంది. వండి జాము దాటింది అని చాలామంది అర్థం చెప్తారు. జాము అంటే మూడు గంటలు. శంకరాచార్యుల వారు మాత్రం తమ భాష్యంలో సరిగ్గా ఉడకనిది అన్నారు. ఈ మాట పట్టుకుని గీతలో మైక్రోబయాలజీ ఉంది అని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, మన ఛానల్ ఆ పని చేయదు. అక్కడ విషయం మనిషి స్వభావం. కానీ నాకు ముచ్చటేసింది ఏంటంటే, ఆ మాటకి ఇద్దరు పండితులు రెండు అర్థాలు చెప్పినా, ఫుడ్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఆ రెండిటికీ నోటీసు ఇస్తాడు.

రుచి చూడకుండా తెలుసుకోవడం

ఇక్కడ నిజంగా చిక్కు ఒకటుంది. నైవేద్యం పెట్టేదాన్ని ముందు రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. మన ఇళ్ళల్లో ఉప్పు కూడా చూడకుండా వండే అమ్మలున్నారు. ఇంకోవైపు బడుల్లో మధ్యాహ్న భోజనానికి నియమం పూర్తిగా తిరగేసి ఉంటుంది: పిల్లలకి పెట్టే ముందు ఒక టీచర్‌తో సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు తప్పకుండా రుచి చూడాలి. ఆ నియమం ఎంత అవసరమో 2013 జులై 16న బీహార్‌లో సారణ్ జిల్లాలోని ఒక పల్లెటూరి బడి చూపించింది. వంటనూనెలో పురుగుమందు కలిసింది. 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె తేడాగా ఉందని వంటమనిషి అన్నా పట్టించుకోలేదని అప్పట్లో వార్తల్లో వచ్చింది. పిల్లల్ని చంపాలని ఎవరూ అనుకోలేదు. ఆగి చూసే మనిషి లేడు, అంతే.

మరి దేవుడి కోసం వండినప్పుడు ఎవరు ఆగి చూడాలి? నాకు తోచింది ఇది. ముందు రుచి చూడకూడదనే నియమం వండేవాడికి తేలిక కోసం పెట్టింది కాదు. నాలుక సాయం లేకుండా వండాలంటే కళ్ళు, ముక్కు, చేతులు, మనసు రెట్టింపు పనిచేయాలి. ఆ శ్రద్ధ పోయి నిషేధం ఒక్కటే మిగిలితే అది చూడకపోవడానికి సాకు అయిపోతుంది. పైగా ఇందాక చెప్పిన బ్యాక్టీరియాలు రుచికి, వాసనకి దొరకవు. పాచిపోయిన వాసన తెప్పించేవి వేరే, మనిషిని ఆస్పత్రికి పంపేవి చాలావరకు వేరే. "వాసన చూశాం, బానే ఉంది" అనేది సాక్ష్యం కాదు. ఆ రకంగా చూస్తే నాలుక కంటే థర్మామీటరే నయం. అది ఎంగిలి కూడా చేయదు.

మడి గురించి ఒక మాట చెప్పకపోతే ఈ పోస్ట్ నిజాయితీగా ఉండదు. స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని, ఆ పూటకి ఆ పూట వండి, మిగిలింది రేపటికి దాచకుండా చేసే వంటలో ఎంతో మంచి ఉంది. అందులో సగం నియమాలు ఈ రోజు ప్రభుత్వం క్యాటరర్‌ని అడిగేవే. కానీ మనం మడిలోంచి ఏం ఉంచుకున్నాం, ఏం వదిలేశాం? పెళ్ళికి క్యాటరర్‌ని మాట్లాడేటప్పుడు "వంట మాస్టర్ ఎవరు, ఏమిట్లు" అని నెమ్మదిగా ఆరా తీసే పెద్దమనిషిని నేను చాలాసార్లు చూశాను. "నీళ్ళు ఎక్కడివి, వంటవాళ్ళకి ఈ ఏడాది హెల్త్ చెకప్ అయిందా" అని అడిగిన పెద్దమనిషిని ఇంతవరకు చూడలేదు. వంట చేసేవాళ్ళకి ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా ఉండాలని నిబంధన ఉంది. ప్రతి పాతిక మంది పనివాళ్ళకి శిక్షణ పొందిన ఒక సూపర్‌వైజర్ ఉండాలని ఉంది. పుట్టుక అడిగితే ఆ చెయ్యి శుభ్రంగా ఉందో లేదో తెలియదు. చెయ్యి సంగతి తెలుసుకోవాలంటే చెయ్యి గురించే అడగాలి. శుచి అనే మాటకి నేను కోరుకునే అర్థం అది.

బేరం

ఆ చేతుల దగ్గరికే వెళ్దాం. వడ్డించే కుర్రాళ్ళని చూడండి. చాలామంది చదువుకుంటూ రోజు కూలీకి వచ్చే పిల్లలు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతికి పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగుతోనే చెమట తుడుచుకుంటారు, ఫోన్ తీస్తారు, పూరీ వేస్తారు. వాళ్ళని తిట్టడం తేలిక. కానీ ఫంక్షన్ హాల్ వెనక వాళ్ళు చేతులు కడుక్కోవడానికి సబ్బు, పంపు ఎక్కడున్నాయో ఎప్పుడైనా వెళ్ళి చూశారా? జ్వరంతో ఉన్న వంటవాడు ఆ రోజు మానేస్తే కూలీ ఎవరిస్తారు? ఇవ్వరు కాబట్టి వస్తాడు. వచ్చి దగ్గుతూ పిండి కలుపుతాడు.

ఇప్పుడు మన బేరం సంగతి. క్యాటరర్ ప్లేటుకి 350 చెప్పాడనుకోండి. మనం 280కి దింపి, ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటాం. "దేవుడి కార్యం కదండీ, మీరు కూడా కొంచెం పుణ్యం చేసుకోండి" అని అనే ఉంటాం. ఆ 70 ఎక్కడి నుంచి తగ్గింది? మెనూలో ఐటమ్స్ తగ్గలేదు, పద్దెనిమిది అంటే పద్దెనిమిదే. కంటికి కనిపించేది ఏదీ తగ్గదు. కనిపించనివి తగ్గుతాయి. రెండో వ్యాన్, రెండో విడత వంట, హాట్ బాక్సులు, ఇంకో ఇద్దరు మనుషులు, ఒకసారి మరిగాక పారబోయాల్సిన నూనె. నూనె పాడైందని చెప్పడానికి మన దేశంలో ఒక కొలత కూడా ఉంది, అందులో పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే వాడకూడదు. గారెలు కరకరలాడుతుంటే ఆ శాతం ఎవరు అడుగుతారు?

క్యాటరర్లందరూ మోసగాళ్ళని నేను అనట్లేదు. దానికి సరిగ్గా వ్యతిరేకం. మంచి క్యాటరర్ మన బేరం ముందు ఓడిపోతాడు, ఎందుకంటే వాడి ఖర్చు కనిపించదు, పక్కవాడి పద్దెనిమిది ఐటమ్స్ కనిపిస్తాయి. వాళ్ళని ఆ మూలకి నెట్టేది మనమే. చేయించినవాడికీ వాటా అని మొదట్లో అనుకున్నాం కదా, ఆ వాటా ఇక్కడ పుడుతుంది, వంటగదిలో కాదు, బేరం టేబుల్ దగ్గర.

మిగిలిన అన్నం

మా బాబాయ్ కూతురి పెళ్ళిలో రాత్రి పదకొండు కావస్తోంది. సగం మంది చుట్టాలు రాలేదు. బిర్యానీ, పనీర్ కూర, గుత్తి వంకాయ గుండిగల్లో మిగిలిపోయాయి. బాబాయ్ మనసు విలవిల్లాడిపోయింది. "ఒరేయ్, ఇంత అన్నం పారేస్తే మహాపాపం రా. పక్క వీధిలో పిల్లల ఆశ్రమం ఉందట. ఫోన్ కొట్టు, పంపించేద్దాం. పెళ్ళికూతురికి పుణ్యం."

నేను వెనక్కి వెళ్ళి వంట మాస్టర్‌ని అడిగాను. "మాస్టారూ, ఇవి ఎన్నింటికి దింపారు?"

"బిర్యానీ నాలుగున్నరకి బాబూ. కూరలు ఇంకా ముందు. బర్నర్లు తొమ్మిదింటికి అయిపోయాయి, మళ్ళీ పెట్టలేదు."

"ఆశ్రమానికి పంపిద్దామంటున్నారు బాబాయ్."

ఆయన గిన్నెల వైపు కాసేపు చూశాడు. "నన్నడిగితే వద్దు బాబూ. నేనైతే మా ఇంటికి పట్టుకెళ్ళను. ఆ లడ్డూలు, అరటిపళ్ళు పంపించండి, ముట్టుకోని పెట్టెలున్నాయి."

మా ఇంటికి పట్టుకెళ్ళను. నాకు ఇంతకంటే మంచి పరీక్ష ఏ నిబంధనల పుస్తకంలోనూ కనపడలేదు. బాబాయ్‌కి ఆ మాట చెప్తే మొదట కోప్పడ్డారు, తర్వాత మెత్తబడ్డారు. పెట్టెలు పంపించాం. మిగతాది పారబోసేటప్పుడు బాబాయ్ ఆ గుండిగలకి చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నారు.

కఠోపనిషత్తు మొదలయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే. వాజశ్రవసుడు యజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేయాల్సిన రోజున, ఇక గడ్డి మేయలేని, నీళ్ళు తాగలేని, పాలు ఇవ్వలేని ముసలి ఆవుల్ని దానమిస్తాడు. అది చూసి చిన్నపిల్లాడు నచికేతుడు తట్టుకోలేకపోతాడు. మనకి యముడు, వరాలు గుర్తుంటాయి, ఆవులు గుర్తుండవు. తనకి పనికిరానిది వదిలించుకుని దాన్ని దానం అనడం పిల్లాడికి కనిపించింది, తండ్రికి కనిపించలేదు. ఏడు గంటల నాటి పనీర్ కూర ఆ ఆవుల్లో ఒకటి. పైగా అది తినే పిల్లలకి "వద్దు" అనే అవకాశం లేదు. పెళ్ళిలో చుట్టాలకి వాసన తేడా వస్తే ప్లేటు పక్కన పెడతారు. ఆశ్రమంలో పిల్లాడు పక్కన పెట్టడు.

అయితే పారబోయడమే ధర్మమా? కాదు. అది కూడా మనసుకి నొప్పే, నొప్పి ఉండాలి కూడా. అన్నాన్ని నిందించకూడదు, తోసిపుచ్చకూడదు అని తైత్తిరీయం చెప్తుంది. మిగిలిన ఆహారం సేకరించి పంచడానికి ప్రత్యేకంగా 2019లో నిబంధనలు వచ్చాయి. అంటే చట్టం మిగిలింది పంచొద్దు అనట్లేదు, తినదగ్గదిగా ఉన్నప్పుడు పంచండి అంటోంది. దానికి తొమ్మిదింటికే లేవాలి. సగం మంది రారని ఎనిమిదిన్నరకే కనిపిస్తుంది. ముట్టుకోని గుండిగ ఒకటి వేడి మీద పక్కన పెట్టి, పిల్లలు మెలకువగా ఉన్న వేళకి పంపొచ్చు. కానీ ఆ వేళకి ఏ ఇంటివాళ్ళూ పంపరు. ఎందుకు? ఆఖరి బంతిలో ఎవరైనా వచ్చి భోజనం అయిపోయింది అంటే పరువు పోతుందని. ఐదొందల మందికి ఆరొందలు చెప్పేది కూడా ఆ భయంతోనే. మిగిలింది మన పరువు తాలూకు మిగులు. పదకొండింటికి దాన్ని పుణ్యంగా మార్చుకోవాలని చూస్తాం. దానం చేయాల్సిన చోటు, వేళ, మర్యాద గురించి గీత అదే అధ్యాయంలో అంత పట్టుబట్టి ఎందుకు చెప్పిందో నాకు ఆ ఫంక్షన్ హాల్ వెనకాల అర్థమైంది.

ఆ తమ్ముడు మళ్ళీ మెసేజ్ పెట్టాడు, "అయితే అన్నా, ఏం అడగాలో చెప్పు" అని. లైసెన్స్ నంబర్ అడుగు. 14 అంకెలుంటాయి, 2022 జనవరి నుంచి బిల్లు మీద వేయడం తప్పనిసరి, ఎఫ్ఎస్ఎస్ఎఐ వాళ్ళ ఫోస్కోస్ సైట్‌లో కొట్టి చూడొచ్చు. ఎక్కడ వండుతారో ఒకసారి వెళ్ళి చూడు, చెప్పకుండా కాదు, చెప్పే వెళ్ళు, టీ ఇస్తారు. ఎన్నింటికి దింపుతారు, ఎన్నింటికి వడ్డిస్తారు అని రాయించుకో. కొబ్బరి చట్నీ, పనీర్, పాలతో చేసిన స్వీట్లు మధ్యాహ్నం ఎండలో వద్దను. చింతపండు పులుపున్న పులిహోర వాటికంటే కాస్త ఓర్చుకుంటుంది, మన గుళ్ళల్లో దానికి అంత చోటు దొరికింది ఊరికే కాదేమో. నీ వైపు నుంచి ఒక మాట ఇవ్వు: భోజనం టైమ్ మారదు అని. ముఖ్య అతిథి రాకపోయినా సరే.

మా అపార్ట్‌మెంట్‌లో ఈసారి ఇవన్నీ కమిటీలో పెట్టాం. పద్దెనిమిది ఐటమ్స్ తొమ్మిది అయ్యాయి, వంట సెల్లార్ పక్క ఖాళీ స్థలంలోనే, రెండు విడతలుగా. లడ్డూ వేలం భోజనాల తర్వాతకి జరిగింది, దానికి మాత్రం పెద్ద గొడవే అయింది. థర్మామీటర్ బయటికి తీసేసరికి మూడో ఫ్లోర్ తాతగారు అడ్డుకున్నారు. నైవేద్యంలో ఇనప పుల్ల గుచ్చుతావా అని. నైవేద్యానికి ముందే చిన్న గిన్నెలో వేరుగా తీశామని, ఇది మిగతా గుండిగ అని చెప్పాం. మరి ఆ పుల్ల అంతకుముందు ఎందులో పెట్టావు అన్నారు. మంచి ప్రశ్నే. మాస్టర్ దాన్ని మరిగే నీళ్ళల్లో ముంచి తీసి చూపించాడు. తాతగారు కళ్ళజోడు పైకి జరుపుకుని దగ్గరికొచ్చారు.

"ఎంతుంది?"

"డెబ్భై ఒకటి తాతగారూ."

"సరే, చూసింది చాలు, మూత పెట్టు. వేడి పోతోంది."